పర్షియన్ పిల్లికి కిడ్నీ మార్పిడి: ఆపరేషన్ ఎట్లా జరుగుతుంది, మన దగ్గర ఏం చేయొచ్చు

ప్రశ్న: మాది నల్గొండ. మా పర్షియన్ పిల్లి చిన్నికి ఏడేళ్లు. రెండు నెలల నుంచి నీళ్లు మస్తు తాగుతున్నది, తిండి తగ్గింది. 4.2 కిలోలుండేది 3.4కు వచ్చింది. రక్త పరీక్షల క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంల పెరిగేది) 5.6, ఫాస్ఫరస్ 8.1, పీసీవీ (రక్తంల ఎర్రకణాల శాతం) 21 వచ్చినయి. స్కానింగ్ చేసి రెండు కిడ్నీల నిండ నీటి బుడగలున్నయన్నరు. అమెరికాల పిల్లులకు కిడ్నీ మారుస్తరని చదివిన. చిన్ని బిడ్డ మా ఇంట్లనే ఉంది, రెండేళ్లది, మంచిగుంది. దాని కిడ్నీ ఒకటి పెట్టించొచ్చా? కాకుంటే మా గల్లీల తిరిగే పిల్లిదైనా పనికొస్తదా? అసలు ఆపరేషన్ ఎట్ల చేస్తరు? మా డాక్టర్ సారు పిల్లులకు ఆపరేషన్లు బాగ చేస్తరు, ఆయన చెయ్యలేరా? ఇదంతా మా నీళ్లల్ల ఫ్లోరైడ్ వల్లనేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: బిడ్డ కిడ్నీ సంగతి ముందు తేల్చుకుందాం. పర్షియన్ పిల్లిలో రెండు కిడ్నీల నిండా బుడగలున్నాయంటే అది దాదాపుగా పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బే. పీకేడీ1 అనే జన్యువులో లోపంతో వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, జబ్బు తగులుతుంది. అంటే చిన్నికి పుట్టిన ప్రతి కూనకూ సగానికి సగం అవకాశం ఉన్నట్టే. ఇప్పుడు బాగా కనిపిస్తున్న ఆ రెండేళ్ల పిల్లి కిడ్నీల్లో చిన్న చిన్న బుడగలు ఇప్పటికే ఉండొచ్చు. బుడగలు పుట్టుకతోనే ఉంటాయి, ఏళ్ల తరబడి పెరుగుతాయి. క్రియాటినిన్ పెరిగేది ఎక్కువగా నడివయసులోనే. పది నెలలు నిండిన పిల్లికి అనుభవమున్న వాళ్లు అల్ట్రాసౌండ్ చేస్తే చాలావరకు తెలిసిపోతుంది. దవడ లోపల దూదితో రుద్ది పంపితే జన్యు పరీక్ష కూడా చేస్తారు. పరీక్షలో లేదని వచ్చినా, బిడ్డ కాబట్టి కిడ్నీ బాగా అతుక్కుంటుందన్న లాభమేమీ లేదు. పిల్లుల్లో మనుషులకు చూసినట్టు కణజాలం జత చూడరు. రక్తం గ్రూపు, క్రాస్‌మ్యాచ్ (రెండింటి రక్తం కలిపి చూసే పరీక్ష) కుదిరితే చాలు. గ్రూపులు ఏ, బీ, అరుదుగా ఏబీ. ఏ, బీ గ్రూపుల పిల్లుల రక్తంలో ఎదుటి గ్రూపు మీద సహజంగానే యాంటీబాడీలుండొచ్చు. బీ గ్రూపు పిల్లికి ఏ గ్రూపు రక్తం కొద్దిగా ఎక్కినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అటు రక్తానికైనా ఇటు కిడ్నీకైనా ఈ పరీక్ష తప్పించలేరు.

గల్లీ పిల్లి ఆలోచన మాత్రం మానుకోండి. ఎలుకలు, పచ్చి మాంసం తిని తిరిగే పిల్లుల్లో టాక్సోప్లాస్మా సూక్ష్మజీవి చాలా మామూలు. అది కండరాల్లో నిద్రపోతున్నట్టు ఉంటుంది. కిడ్నీ మార్చాక ఇచ్చే మందులతో రోగనిరోధక శక్తి తగ్గగానే లేచి ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు పాడుచేస్తుంది. దాతకు ఆ పరీక్ష పాజిటివ్ ఉండి, తీసుకునే పిల్లికి నెగెటివ్ ఉంటే ఆ కిడ్నీని ముట్టుకోరు. ఫెలైన్ లుకేమియా, ఎఫ్ఐవీ (పిల్లుల్లో ఎయిడ్స్ లాంటిది) వైరస్‌లు కూడా రెండింటికీ లేవని తేలాలి. ఇదంతా ఒక ఎత్తు, దాత పిల్లి బతుకు ఇంకో ఎత్తు. దానికి ఒక్క కిడ్నీయే మిగులుతుంది. రేపు ఆ వైపు మూత్రనాళంలో రాయి అడ్డుపడితే ఆదుకోవడానికి రెండోది ఉండదు. అమెరికాలో ఈ ఆపరేషన్ చేసే చోట్ల దాతను కూడా యజమాని దత్తత తీసుకుని చివరిదాకా సాకాలన్న షరతు అందుకే. బ్రిటన్‌లో పశువైద్యుల నియంత్రణ సంస్థ 2016లో బతికున్న పిల్లి నుంచి కిడ్నీ తీయడం సరికాదని తేల్చింది. దాని ఒప్పుకోలు ఎవరూ అడగలేదు కదా, ఆ అభ్యంతరం న్యాయమైనదే.

పిల్లుల్లో చికిత్సగా ఈ ఆపరేషన్‌ను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో 1987లో మొదలుపెట్టారు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు చేతికి రావడమే దానికి దారి తీసింది. తర్వాత పెన్సిల్వేనియా, విస్కాన్సిన్, జార్జియా విశ్వవిద్యాలయాల్లోనూ చేశారు. అంతా కలిపి కొద్ది చోట్లకే పరిమితమైన వ్యవహారం. కుక్కల్లో మందులకు లొంగకుండా కిడ్నీని తిరస్కరించడం ఎక్కువ కాబట్టి అక్కడ ఇది పెద్దగా నిలవలేదు.

ఇక ఆపరేషన్. కత్తి పట్టేముందే సగం పని ఉంటుంది. తీసుకునే పిల్లి పీసీవీ 30 ఉండేలా సరిపడిన రక్తం ఎక్కిస్తారు. చిన్నికి 21 కాబట్టి ఇక్కడే మొదలవ్వాలి. గుండె స్కానింగ్ చేస్తారు, గుండె కండరం మందమైన పిల్లి ఇంత సెలైన్, ఇంత మత్తు తట్టుకోలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా అని కల్చర్ పరీక్ష చేస్తారు, పళ్ల చిగుళ్లలో చీముంటే ముందే తీసేస్తారు. ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందు నుంచే సైక్లోస్పోరిన్ నోటి ద్వారా మొదలవుతుంది.

దాత ఒకటి నుంచి మూడేళ్ల వయసున్న ఆరోగ్యమైన పిల్లి అయ్యుండాలి. దానికి సీటీ యాంజియోగ్రఫీ చేసి రక్తనాళాలు లెక్కబెడతారు. ఎడమ కిడ్నీకే మొగ్గు, ఎందుకంటే దాని సిర పొడుగ్గా ఉంటుంది, కుట్టడానికి వెసులుబాటు. ధమని ఒక్కటే ఉండాలి, విడిపోకముందు కనీసం అర సెంటీమీటరు పొడవు దొరకాలి. కడుపు కోసేటప్పుడు కిలో బరువుకు 0.25 గ్రాముల మానిటాల్, కిడ్నీ తీయడానికి ఇరవై నిమిషాల ముందు కిలోకు ఒక గ్రాము ఇస్తారు. రక్తం ఆగిన సమయంలో కిడ్నీ లోపలి గొట్టాలు ఉబ్బి మూసుకుపోకుండా అది కాపాడుతుంది. పిల్లి కిడ్నీ ధమని ముట్టుకుంటే చాలు బిగుసుకుపోతుంది. కిడ్నీ మచ్చలు మచ్చలుగా నీలంగా మారితే అదే గుర్తు, అప్పుడు చేతులు తీసేసి, ధమని మీద లిడోకెయిన్ చుక్కలు వేసి, రంగు తిరిగొచ్చేదాకా ఆగుతారు. మూత్రనాళాన్ని మూత్రాశయం దాకా విడదీస్తారు. ఇక్కడ తొందరపడి దాని చుట్టూ ఉన్న కొవ్వు ఒలిచేస్తే నాళానికి రక్తం అందక రోజుల్లో కుళ్లి, మూత్రం కడుపులోకి కారుతుంది. తీసిన కిడ్నీని చల్లని నిల్వ ద్రావణంతో లోపల రక్తమంతా పోయేలా కడిగి మంచులో ఉంచుతారు. అట్లా ఏడు గంటల దాకా ఉంచి వాడొచ్చు. అందువల్ల ఒకే బృందం ముందు దాతను ముగించి తర్వాత రెండో పిల్లి దగ్గరికి వెళ్లగలుగుతుంది.

కొత్త కిడ్నీని పాత కిడ్నీ చోట పెట్టరు. మొదట్లో తొడకు రక్తం పంపే ఇలియాక్ ధమనిని కోసి, కొసకు కొస కలిపి కుట్టేవారు. ఆ పద్ధతిలో వెనక కాలు చల్లబడటం, వాయడం, పడిపోవడం చూసి మానేశారు. ఇప్పుడు నడుము భాగంలో, కిడ్నీ రక్తనాళాలకూ పేగుకు వెళ్లే వెనక మెసెంటెరిక్ ధమనికీ మధ్య, మహాధమనినీ మహాసిరనూ శుభ్రంగా విడదీసి, సగం మూసే క్లాంపులు పెడతారు. పక్కగోడకు చిన్న రంధ్రం చేసి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్‌తో కడిగి, మైక్రోస్కోపు కింద కిడ్నీ ధమని కొసను మహాధమని పక్కకు 8-0 నైలాన్‌తో, సిరను మహాసిర పక్కకు 7-0 సిల్క్‌తో కుడతారు. 8-0 దారం మందం ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. వెనక గోడ ఒక వరుస, ముందు గోడ ఒక వరుస. సూది ఎదుటి గోడను కూడా పట్టుకుందా, నాళం అక్కడే మూసుకుపోయింది. సిర కొంచెం మెలిక పడినా కిడ్నీలో రక్తం నిలిచి ఉబ్బుతుంది. ఈ కుట్లన్నీ సుమారు గంటలో ముగియాలి, ఎందుకంటే మంచులోంచి బయటికొచ్చిన కిడ్నీ రక్తం లేకుండా వెచ్చబడుతూ ఉంటుంది. క్లాంపులు తీసేటప్పుడు ముందు సిరది, తర్వాత ధమనిది. వరస తప్పితే లోపలికొచ్చిన రక్తానికి బయటికి దారుండదు. కుట్ల దగ్గర కొంచెం ఊరితే మెత్తటి గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టుకుంటే ఆగిపోతుంది. కిడ్నీ గులాబీ రంగులోకి రావాలి.

చూసేవాళ్లకు ఇది పెద్ద గండంలా కనిపిస్తుంది గానీ, తర్వాత ఏడిపించేది మూత్రనాళం. పిల్లి మూత్రనాళం లోపలి రంధ్రం 0.4 మిల్లీమీటర్లే. దాన్ని మూత్రాశయం గోడలోంచి లాగి కొసను లోపల వదిలేసే పాత పద్ధతిలో ఆ కొస చుట్టూ కండ పెరిగి దారి మూసుకుపోయేది. ఇప్పుడు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మూత్రాశయాన్ని ముందువైపు కోసి తెరిచి, నాళాన్ని లోపలికి తెచ్చి, కొసను నిలువుగా చీల్చి వెడల్పు చేసి, దాని లోపలి పొరను మూత్రాశయం లోపలి పొరతో 8-0 దారంతో చుట్టూ విడివిడి కుట్లు వేయడం. రెండోది, దాతలో నాళం మూత్రాశయంలో కలిసే బొడిపెను, చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల మూత్రాశయం గోడతో సహా కోసి తెచ్చి ఇక్కడ అతికించడం. రెండోదాంట్లో కుట్లు నాళం నోటికి దూరంగా పడతాయి కాబట్టి వాపు వచ్చినా దారి మూసుకుపోయే భయం తక్కువ. ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ బాగా దిగాలి. దిగినట్టే దిగి మళ్లీ పెరిగిందంటే మొదటి అనుమానం ఈ అతుకు మీదే. అల్ట్రాసౌండ్‌లో కొత్త కిడ్నీ మధ్యభాగం ఉబ్బి కనిపిస్తుంది, మళ్లీ తెరవాల్సి వస్తుంది.

చివరగా కిడ్నీని కడుపు గోడకు అయిదారు కుట్లతో బిగిస్తారు. బిగించకపోతే అది తన రక్తనాళాల మీదే తిరిగి మెలిపడి గంటల్లో చచ్చిపోతుంది. పాత కిడ్నీలను మామూలుగా అట్లాగే వదిలేస్తారు, కొత్తది పనిలోకి దిగేదాకా ఎంతో కొంత ఆసరా అవుతాయి. చిన్నిలాంటి బుడగల కిడ్నీలైతే చోటు చాలకో, బుడగల్లో చీము పడితేనో ఒకటి తీసేస్తారు. మెడలోంచి ఆహారం ట్యూబు కూడా వేశాకే ఆపరేషన్ గదిలోంచి బయటికి తెస్తారు.

మీ డాక్టరుగారి చేతివాటం మీద నాకు అనుమానం లేదు. పిల్ల కాకుండా గర్భసంచి తీసే ఆపరేషన్ చక్కగా చేసే మనిషికి కుట్లు కొత్త కావు. కానీ దీనికి ఆపరేటింగ్ మైక్రోస్కోపు, సూక్ష్మ శస్త్రచికిత్సలో ఏళ్ల సాధన, సరిపడిన పిల్లి రక్తం, రాత్రంతా కూర్చునే మనుషులు కావాలి. ఆపరేషన్ తర్వాత రక్తపోటు 170 దాటితే పిల్లికి ఫిట్స్ వచ్చి పోయే ప్రమాదం ఉంది, అందుకే మొదటి రోజుల్లో గంటగంటకూ కొలిచి రక్తపోటు దించే హైడ్రలజిన్ సిద్ధంగా పెట్టుకుంటారు. నాలుగు కిలోల పిల్లి ఒంట్లో ఉండేదే పావు లీటరు రక్తం, పరీక్షలకు తీసేది కూడా చుక్కలు లెక్కబెట్టి తీయాలి. ఎవరైనా మీకు ఈ ఆపరేషన్ చేస్తామని చెబితే రెండే రెండు అడగండి: ఇప్పటికి ఎన్ని పిల్లులకు చేశారు, వాటిలో ఆరు నెలల తర్వాత ఎన్ని బతికున్నాయి. జవాబులో అంకె లేకపోతే లేచి వచ్చేయండి.

తర్వాతి మందులు ప్రాణమున్నంతకాలం. సైక్లోస్పోరిన్ పన్నెండు గంటలకొకసారి. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రవంలో మూడున్నర కిలోల పిల్లికి ఒక పూటకు పడేది ఒక మిల్లీలీటరులో పదో వంతు, అంతకంటే తక్కువే కావచ్చు. సిరంజీ గీత ఒకటి అటూ ఇటూ అయితే మోతాదు మారిపోతుంది. రుచి చేదు, జెలటిన్ క్యాప్సూల్‌లో పెట్టి మింగించాలి. తర్వాతి మోతాదుకు సరిగ్గా ముందు రక్తం తీసి చూస్తే మొదటి నెలల్లో మిల్లీలీటరుకు 300 నుంచి 500 నానోగ్రాములు ఉండాలి, తర్వాత నెమ్మదిగా 250 దగ్గరికి దింపుతారు. తగ్గితే శరీరం కిడ్నీని తిరస్కరిస్తుంది, పెరిగితే ఇన్ఫెక్షన్లు. దాంతోపాటు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. పచ్చి మాంసం, వేట జన్మలో వద్దు.

ఇంత చేసినా ఫలితం ఏమిటంటే, 2008లో అచ్చయిన 60 పిల్లుల లెక్కలో నాలుగింట మూడు వంతులకు కాస్త ఎక్కువ ఇంటికెళ్లాయి. ఆరు నెలలకు 65 శాతం, మూడేళ్లకు 40 శాతం మిగిలాయి. మిగిలినవాటికి మధుమేహం, లింఫోమా క్యాన్సర్ మామూలు పిల్లుల కంటే చాలా ఎక్కువగా వస్తాయి. కొన్నింటిలో కొత్త కిడ్నీ చుట్టూ గట్టి పీచు పెరిగి మూత్రనాళాన్ని నొక్కేస్తుంది. అమెరికాలో ఖర్చు రెండు పిల్లులకూ కలిపి పదిహేను వేల డాలర్లు దాటుతుంది. నన్నడిగితే చిన్నికి ఈ దారి వద్దు. పరిస్థితి చేయిదాటినందుకు కాదు, ఇంటి నుంచి చేయగలిగిన పని ఇంకా చాలా మిగిలి ఉంది కాబట్టి.

క్రియాటినిన్ 5 దాటితే లెక్క ప్రకారం నాలుగో దశ, చివరిది. అయితే ఒంట్లో నీరు ఎండిపోయి ఉన్నప్పుడు తీసిన అంకె నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. ముందు రెండు మూడు రోజులు దవాఖానలో సెలైన్ ఎక్కించి, మళ్లీ పరీక్ష చేయించండి. మూత్రం కల్చర్ తప్పకుండా చేయించండి, బుడగలున్న కిడ్నీలో ఇన్ఫెక్షన్ దాక్కుంటే మందుతో కొంత వెనక్కి వస్తుంది. స్కానింగ్‌లో ఒక వైపు మూత్రనాళం ఉబ్బి ఉందా, రాయి అడ్డుందా అని ప్రత్యేకంగా అడగండి. అది తీయగలిగిన అడ్డు, మార్పిడి దాకా పోకుండానే ఎన్నో పిల్లులు దాంతో తేరుకుంటాయి. నల్గొండలో ఇవన్నీ ఒకచోట కుదరకపోతే రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ దవాఖానకు తీసుకెళ్లండి. సుమారు వంద కిలోమీటర్ల దారి, ఎండాకాలమైతే తెల్లవారకముందే బయల్దేరండి.

ఇంట్లో చేయాల్సింది చర్మం కింద సెలైన్. రింగర్ లాక్టేట్ సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, రెండు భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా ఎత్తి, 20 నంబరు సూదితో రోజు విడిచి రోజు 100 మిల్లీలీటర్లు. డెక్స్‌ట్రోజ్ సీసా వాడొద్దు. ప్రతిసారీ కొత్త సూది. వేసిన నీరు మర్నాటికీ పీల్చుకోక కాళ్ల వైపు జారినా, ఊపిరి వేగమైనా ఆపి ఫోన్ చేయండి, గుండె తట్టుకోవట్లేదేమో చూడాలి. మోతాదు మీ డాక్టరుగారు తొలిసారి దగ్గరుండి చూపించాక మొదలుపెట్టండి.

తిండిలో మన ఇళ్లలో జరిగే పొరపాటు పెరుగన్నం. కిడ్నీ జబ్బుకు మాంసం మంచిది కాదని పెరుగు, పాలు పెడతారు. పాలలో ఫాస్ఫరస్ ఎక్కువ, అన్నంలో పిల్లికి కావాల్సిన టారిన్ అనే పోషకం ఉండదు, పిల్లి కండ కరిగిపోతుంది. ఎండు చేపలు, ఎముకలు, కార్జం కూడా వద్దు. రాయల్ కానిన్ రీనల్, హిల్స్ కే/డీ లాంటి కిడ్నీ ఆహారం దొరుకుతుంది, తడిది మేలు. వాంతి వస్తున్న రోజుల్లో కొత్త ఆహారం పెట్టొద్దు, దాన్ని జన్మలో ముట్టదు. ముందు వాంతికి మారోపిటాంట్, ఆకలికి రెండు రోజులకొకసారి మిర్టాజపిన్ 1.88 మిల్లీగ్రాములు రాయించుకోండి. 15 మిల్లీగ్రాముల మాత్రలో అది ఎనిమిదో వంతు. అసలేమీ తినకపోతే ఏ ఆహారమైనా సరే, తినడమే ముఖ్యం. ఫాస్ఫరస్ 6 లోపలికి దిగాలి. ఆహారంతో దిగకపోతే తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టేసే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తిండిలోనే కలపాలి, ఖాళీ కడుపున ఇస్తే పని చేయదు.

రక్తపోటు ఎవరూ చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. 160 దాటి నిలిస్తే ఆమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాముల మాత్రలో పావు, రోజుకొకసారి. పట్టించుకోకపోతే ఒక పొద్దున కంటిపాపలు విప్పారి చూపు పోయి కనిపిస్తుంది. పీసీవీ 20 కిందికి పోతే వారానికొకసారి ఎర్రకణాలు పెంచే డార్బెపోయెటిన్ ఇంజెక్షన్, ఐరన్‌తో పాటు. నొప్పికని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, పారాసెటమాల్ వేయకండి. మొదటిది మిగిలిన కిడ్నీని తీసుకుపోతుంది, రెండోది ఒక్క మాత్రే పిల్లి ప్రాణానికి చాలు.

ఫ్లోరైడ్ విషయం. నల్గొండ నీళ్లు ఎముకలకు, పళ్లకు చేసిన చెరుపు అందరికీ తెలిసిందే, పశువుల్లోనూ కనిపించింది. చిన్ని జబ్బు మాత్రం పుట్టుకతో వచ్చింది, బోరు నీళ్ల మీదికి నెట్టలేం. అయినా మీరు తాగే భగీరథ నీళ్లో ఫిల్టర్ నీళ్లో దానికీ పోయండి. ఇంట్లో మూడు నాలుగు చోట్ల వెడల్పు గిన్నెల్లో పెట్టండి.

ప్రతి ఆదివారం ఒకే తక్కెడ మీద తూచి రాసుకోండి. నెలకొకసారి క్రియాటినిన్, ఫాస్ఫరస్, పొటాషియం, పీసీవీ. ఈ లోపల బిడ్డకు అల్ట్రాసౌండ్ చేయించండి. బుడగలు కనబడితే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించి, ఏడాదికొకసారి కిడ్నీ పరీక్ష పెట్టుకోండి. చిన్ని ఈతలో పుట్టినవాటిని ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్లకూ ఒక మాట చెప్పండి.